ఆరుబయట స్టేజీ మీద మన పాట మనకే వినపడదు

నేను తెనాలి చుట్టుపక్కల తిరిగే ఒక ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. 2008 చవితికి మొదలుపెట్టాను. కరోనా వచ్చిన 2020లో సీజనంతా ఇంట్లో కూర్చున్నాం, అది తప్ప ఒక్క ఏడాది కూడా మానలేదు. వినాయక చవితి, దసరా, సంక్రాంతి, శివరాత్రి, శ్రీరామనవమి, మధ్యమధ్యలో అమ్మవారి జాతరలు, ఇదీ మా సీజను. పెళ్ళి రిసెప్షన్లు కూడా చేస్తాం గానీ అవి హాల్లో జరుగుతాయి, వాటి సంగతి వేరు. నేను చెప్పేది పందిట్లో, నడివీధిలో, పొలం పక్కన, లారీ మీద వాయించడం గురించి. మా వీధిలో ఇంటర్ చదివే కుర్రాడొకడు కీబోర్డు కొనుక్కుని "అన్నా, ఈ చవితికి నన్నూ తీసుకెళ్ళు" అని కనపడిన ప్రతిసారీ అడుగుతున్నాడు. వాడికి నోటితో సగమే చెప్పగలిగాను. మిగతా సగం కూర్చుని రాస్తున్నాను.

వాడికి మొదట చెప్పింది ఒక్కటే. "స్టేజీ మీద ఉన్నవాళ్ళకి పాట వినపడదురా" అన్నాను. నమ్మలేదు. అంత పెద్ద పెద్ద బాక్సులు పెడతారు కదా అన్నాడు. ఆ బాక్సులు జనం వైపు తిరిగి ఉంటాయి, మేం వాటి వెనక ఉంటాం. హాల్లో అయితే గోడలకి తగిలి ఎంతో కొంత వెనక్కి వస్తుంది. ఆరుబయట గోడ లేదు, పైన కప్పు లేదు, వెళ్ళిన శబ్దం వెళ్ళినట్టే. మా దాకా చేరేది గుండెల మీద కొట్టినట్టుండే బేసు ఒక్కటే, అందులో స్వరం ఏదో తెలియదు. మా వైపు తిప్పి పెట్టే చిన్న స్పీకర్లుంటాయి, వాటిని మానిటర్లు అంటాం. అడిగితే మైకు సెట్టు అతను "ఉన్నవే రెండన్నా, ఒకటి సింగర్‌కి, ఇంకోటి పెద్దల మైకు దగ్గర పెట్టమన్నారు" అంటాడు. అతని తప్పు కాదు, అతనికి ఇచ్చేదే తక్కువ. దాంతో ఏం చేస్తామంటే, తబలా వాయించే బాబాయి నా వేళ్ళు చూసి పట్టుకుంటాడు, నేను బాబాయి చేతులు చూసి పట్టుకుంటాను. కళ్ళతో వాయించడం అది. పదహారు, పదిహేడేళ్ళ అలవాటు కాబట్టి నడిచిపోతోంది, అదే కొత్తగా వచ్చినవాడైతే రెండో చరణానికే దారి తప్పుతాడు.

వీధి పొడుగునా స్తంభాలకి గొట్టం స్పీకర్లు కట్టిన ఊళ్ళలో ఇంకో చిక్కు ఉంది. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు నడుస్తుంది, కాబట్టి స్టేజీకి 34 మీటర్ల దూరంలో ఉన్న గొట్టంలోంచి మన పాట మనకి సెకనులో పదో వంతు ఆలస్యంగా తిరిగి వస్తుంది. పదో వంతే కదా అనిపిస్తుంది. మానిటరు సరిగా లేని సింగర్‌కి గట్టిగా వినపడేది ఆ వెనకబడ్డ పాటే, తెలియకుండానే దాన్ని అనుసరిస్తుంది, మేం ఆమెను అనుసరిస్తాం, పల్లవి మొదలైన నడక చివరి చరణానికి సగం చచ్చిపోతుంది. కింద కూర్చున్నవాళ్ళకి "ఇవాళ ఎందుకో పాట సాగుతోంది" అనిపిస్తుంది అంతే. ప్రాక్టీసు లేదని మమ్మల్ని అంటారు.

ఇది బాగా అర్థమైంది కోటప్పకొండలో. నరసరావుపేట దగ్గర ఆ శివరాత్రి తిరునాళ్ళు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఒక్కో ఊరు మొక్కుకుని కట్టి తెచ్చే కరెంటు ప్రభలు, అంటే కర్రలతో గోపురంలా కట్టిన చట్రాలు, ఎనభై, తొంభై అడుగుల ఎత్తున లైట్లతో వరసగా నిలబడతాయి. ఒక్కోదానికీ ఒక జనరేటరు, ఒక మైకు సెట్టు, ముందు ఒక స్టేజీ. దానంత అందమైన దృశ్యం మా వైపు ఇంకొకటి లేదు, మనస్ఫూర్తిగా అంటున్నాను, మొదటిసారి చూసినప్పుడు కీబోర్డు దించడం మర్చిపోయి అలా నిలబడిపోయాను. వాయించడం మొదలుపెట్టాక తెలిసింది అసలు సంగతి. మాకు ఎడమ పక్కన ఒక ప్రభ, కుడి పక్కన ఒక ప్రభ, రెండింటి దగ్గరా పాటలే. మేం ఒకటిన్నర శ్రుతిలో ఒక పాత మెలోడీ ఎత్తుకున్నాం. అదే సమయానికి ఎడమ పక్కవాళ్ళు రెండు శ్రుతిలో, అంటే మాకంటే అర మెట్టు పైన, ఏదో హుషారు పాట అందుకున్నారు, వాళ్ళ బాక్సు మూలగా మా వైపు తిరిగి ఉంది. మా సింగర్ అక్క నిజంగా మంచి శ్రుతి ఉన్న మనిషి, చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. ఆ రాత్రి ఆమె గొంతు ఒకటిన్నరకీ రెండుకీ మధ్యలో ఆగింది, అటూ పోలేక, ఇటూ రాలేక. నేను ఆధార షడ్జం, అంటే మా పాట 'స', గట్టిగా నొక్కి పట్టుకున్నాను, ఆమెకి వినపడదని తెలిసి కూడా. ఫ్లూట్ వాయించే అతను ఒక లైను ప్రయత్నించి, ఫ్లూట్ ఒళ్ళో పెట్టుకుని తల దించుకున్నాడు. పాట అయ్యాక అక్క నా వైపు తిరిగి "తమ్ముడూ, నేను ఎక్కడ పాడాను?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు. ఆ ప్రశ్న ఇప్పటికీ చెవిలో ఉంది.

అక్కడ జాగారం కాబట్టి తెల్లారేదాకా వాయించాలి. మూడు దాటాక మంచు దిగుతుంది. చల్లబడితే వెదురు ఫ్లూట్ శ్రుతి కిందికి జారుతుంది, అందుకని అతను పాటకీ పాటకీ మధ్య దాన్ని చొక్కాలో దాచుకుని ఒంటి వేడి తగలనిచ్చేవాడు. తబలా చర్మం చెమ్మ పీల్చుకుని వదులై మెత్తగా పలుకుతుంది, బాబాయి ప్రతి రెండు పాటలకీ సుత్తి పుచ్చుకోవాల్సిందే. డప్పు వాయించేవాళ్ళు గడ్డి మంట వేసుకుని డప్పు కాచుకుంటారు, తబలాకి ఆ వీలు లేదు. నా కీబోర్డుకి శ్రుతి మారదు, మారకపోవడమే అక్కడ తంటా, మిగతావన్నీ జారిపోతుంటే అదొక్కటే పైన నిలబడి అందరూ తప్పు వాయిస్తున్నట్టు చూపిస్తుంది.

కరెంటు సంగతి చెప్పాలి, ఇది ప్రాణాల మీద విషయం. రేపల్లె లైన్లో ఒక ఊళ్ళో చవితి ప్రోగ్రాం, ఐదో రోజు. మధ్యాహ్నం వాన పడింది, స్టేజీ చెక్కలు తడిగా ఉన్నాయి. ఎదురుగా స్వామి ఉన్నాడని అక్క ఎప్పుడూ చెప్పులు విడిచే పాడుతుంది. మొదటి పాటలో మైకు పెదవికి తగలగానే గట్టిగా షాకు కొట్టింది, మైకు కింద పడింది, పెద్ద చప్పుడు. ముందు వరసలో కొందరు ఈల వేశారు. మైకు సెట్టు కుర్రాడు పరిగెత్తుకొచ్చి మైకుకి చేతిరుమాలు చుట్టి "ఇప్పుడేం కాదక్కా, పాడు" అన్నాడు. నేను దిగి జనరేటరు దగ్గరికి వెళ్ళి చూశాను. ఎర్త్ కోసం వేసిన పచ్చ వైరు తీసుకెళ్ళి పందిరి సరుగుడు గుంజకి కొట్టిన మేకుకి చుట్టారు. కర్రకి ఎర్త్! ఎవరో చెప్పారు, చుట్టాలి కాబట్టి చుట్టారు, అది నేలలోకి దిగాలన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ముందు ప్రోగ్రాం ఆపమన్నాను. ఊళ్ళో ఎలక్ట్రీషియన్ని పిలిపించి, కమ్మీ నేలలోకి దిగగొట్టి నీళ్ళు పోసి, టెస్టరుతో చూసుకుని మళ్ళీ మొదలుపెట్టేసరికి ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటా కమిటీవాళ్ళు "మీ ఆలస్యం వల్ల జనం లేచిపోతున్నారు" అంటూనే ఉన్నారు. అక్క వణుకుతూ కుర్చీలో కూర్చుని ఉంది, పెదవి మీద చిన్న తెల్లటి మచ్చ. ఆమె ఆ రాత్రి మిగతా పాటలన్నీ పాడింది, మైకు నోటికి జానెడు దూరంలో పట్టుకుని. జానెడు దూరంలో పట్టుకుంటే మైకులోకి గొంతు కంటే చుట్టుపక్కల హోరే ఎక్కువ వెళ్తుంది, అది వేరే విషయం.

వోల్టేజీ పడిపోవడం మాకు మామూలే. సీరియల్ లైట్ల సెట్లన్నీ ఒకేసారి వేయగానే జనరేటరు ఒక్క క్షణం ములిగి లేస్తుంది, ఆ క్షణంలో కీబోర్డు ఆగి మళ్ళీ మొదట్నుంచి ఆన్ అవుతుంది, పాటకి ముందు ఎంచి పెట్టుకున్న టోన్లు పోతాయి. ఇప్పుడు చిన్న యూపీఎస్ ఒకటి మోసుకెళ్తున్నాను. దాని బరువు కీబోర్డు కంటే ఎక్కువనిపిస్తుంది.

వాన గురించి నాకు మాట్లాడాలని లేదు గానీ కుర్రాడి కోసం చెబుతాను. చవితి ఎప్పుడూ వానల్లోనే వస్తుంది, దసరాకి తుపాన్ల కాలం మొదలవుతుంది, ఇది అందరికీ తెలిసిందే, అయినా స్వామికి వేసిన రేకుల షెడ్డు స్టేజీ దాకా రాదు. 2019లో ఒక రాత్రి నాలుగు చినుకులు పడగానే లేచి కీబోర్డు మీద టార్పాలిన్ కప్పబోతే, "కొంచెమే కదా, ఈ పాట అయిపోనివ్వు" అని పెద్దాయనొకరు చెయ్యి పట్టుకుని ఆపారు. ఆయన ప్రేమగానే అన్నారు, ఆయనకి ఆ పాట ఇష్టం. నేనూ కాదనలేకపోయాను. కీల సందుల్లోంచి నీళ్ళు లోపలికి దిగాయి. మర్నాడు ఇంట్లో ఫ్యాను కింద పెట్టి, బియ్యం డబ్బా పక్కన పెట్టి, ఏవేవో చేశాను. మధ్య స్థాయిలో నాలుగు కీలు మళ్ళీ పలకలేదు. గుంటూరులో రిపేరు చూపిస్తే బోర్డు పోయిందన్నారు. కొత్తదానికి అరవై రెండు వేలు, వాయిదాల మీద తీసుకున్నాను. ఒక్క ప్రోగ్రాంకి నాకు వచ్చేది అప్పట్లో పన్నెండు వందలు. లెక్క మీరే వేసుకోండి. కమిటీని అడిగితే "వాన మా చేతుల్లో ఉందా" అన్నారు. నిజమే, వాళ్ళ చేతుల్లో లేదు. షెడ్డు మాత్రం ఉంది.

పురుగుల బాధ డెల్టా వాళ్ళకే తెలుస్తుంది. దసరా రోజుల్లో వరి పొట్ట దశలో ఉంటుంది, చుట్టూ చేలు, మధ్యలో మా స్టేజీ మీద ఫోకస్ లైట్లు. సుడిదోమ, పచ్చదోమ మేఘంలా వస్తాయి. వాన వెలిసిన రాత్రయితే ఉసిళ్ళు. కీల మీద పాకుతుంటాయి, చొక్కా కాలర్లోకి దూరతాయి, ఆలాపనకి నోరు తెరిస్తే గొంతులోకి పోతాయి. ఒకసారి అక్కకి పాట మధ్యలో పొలమారి కళ్ళంట నీళ్ళు వచ్చేశాయి. నేను ఆ చరణం స్వరాల మీద లాక్కెళ్ళాను.

అక్క గురించి చెబుతున్నాను కాబట్టి ఇంకో మాట. మా బృందంలో మగవాళ్ళం ఎనిమిది మందిమి, మాకు ఏ గట్టు చాటైనా చాలు. ఆమెకి? స్టేజీ దగ్గర బాత్రూము ఉండదు. తెలియని ఊళ్ళో రాత్రి పదకొండు గంటలకి ఎవరి తలుపు కొట్టాలి? అందుకని ప్రోగ్రాం ఉన్న రోజు మధ్యాహ్నం మూడు నుంచి ఆమె నీళ్ళు తాగడం మానేస్తుంది. ఐదారేళ్ళు కలిసి తిరిగాక గానీ ఈ సంగతి నాకు తెలియలేదు, అది కూడా ఆమె గొంతు ఎందుకు త్వరగా ఎండిపోతోందని నేను విసుక్కుంటే చెప్పింది. పాడే మనిషి నీళ్ళు తాగకుండా నాలుగు గంటలు పాడుతోంది, పక్కనే ఉండి నేను చూసుకోలేదు. ఆ రోజు నుంచి నాకు ఆ విషయంలో సిగ్గుగా ఉంది. తాగి వచ్చి స్టేజీ ఎక్కబోయేవాళ్ళు, "డాన్స్ చెయ్యమను" అని చీటీ రాసి పంపేవాళ్ళు ప్రతి సీజన్లోనూ ఉంటారు, వాళ్ళని మాస్టారు, అంటే మా ఆర్కెస్ట్రా పెద్దాయన, చేతులు జోడించి దింపుతారు. ఆయన అలా చేతులు జోడించాల్సి రావడం నాకు నచ్చదు.

టైము విషయం. ఏడింటికి ప్రోగ్రాం అని చెబుతారు. మేం నాలుగింటికే వెళ్ళి సర్దుకుంటాం. పూజ, ప్రసాదం, దాతలకి శాలువాలు, ఎవరో నాయకుడు వస్తున్నాడని ఎదురుచూడటం, లడ్డు వేలంపాట, అన్నీ అయ్యేసరికి తొమ్మిదిన్నర. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. పండగలకి ఏడాదిలో 15 రోజులకి మించకుండా 12 దాకా ప్రభుత్వం సడలించవచ్చు. ఆ సడలింపు లేని రోజు పదింటికి పోలీసులు వస్తారు. నేను ఆ రూలుకి వ్యతిరేకం కాదు, మా ఇంటి పక్కన కూడా పందిరి వేస్తారు, మా నాన్న పడుకోలేక పడే అవస్థ నేను చూశాను. నా బాధల్లా ఆ రెండున్నర గంటలు మింగింది మేం కాదు, కానీ చివర్లో డబ్బు ఇచ్చేటప్పుడు "అరగంటే వాయించారు కదా" అని కోసేది మా దాంట్లోనే. మొత్తం తొమ్మిది మందికి, బండి కిరాయితో కలిపి ముప్పై ఐదు వేలు మాట్లాడుకుంటే, అడ్వాన్సు పది పోను ఇరవై ఐదు రావాలి. ఒంటి గంటకి స్టేజీ విప్పి, సామాన్లు టాటా ఏస్‌లో ఎక్కించి, చీకట్లో నిలబడి ఉంటాం. డబ్బులున్న మనిషి ఇంటికెళ్ళి పడుకున్నాడంటారు. పొద్దున రండి అంటారు. పొద్దున వెళ్తే పదిహేను చేతిలో పెట్టి చందాలు పూర్తిగా వసూలు కాలేదంటారు. అందరూ ఇలాంటివాళ్ళు కాదు. స్టేజీ దిగకముందే కవరు చేతిలో పెట్టి, అన్నం పెట్టి పంపిన ఊళ్ళు ఉన్నాయి. దుగ్గిరాల వైపు ఒక పల్లెలో అయితే మేం తినేదాకా ఇంటి పెద్దావిడ విసనకర్రతో విసురుతూ కూర్చుంది.

ఇక చెవుల సంగతి. నిరుడు దసరా అయ్యాక కుడి చెవిలో సన్నటి కూత మొదలైంది. ముందు రోజు ప్యాడ్స్, అంటే ఎలక్ట్రానిక్ డ్రమ్స్, వాయించే మా తమ్ముడి పక్కన, బేసు పలికే సబ్ బాక్సుకి రెండడుగుల దూరంలో నాలుగు గంటలు ఉన్నాను. ప్రోగ్రాం మర్నాడు అలా ఉండటం మామూలే, మధ్యాహ్నానికి తగ్గిపోయేది. ఈసారి తగ్గలేదు. రాత్రి ఫ్యాను ఆపితే ఆ కూత ఇంకా పెద్దదైపోయేది. చెవి డాక్టరు దగ్గర పరీక్ష చేయించాను. గాజు గది లాంటి దాంట్లో కూర్చోబెట్టి, వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. జీవితమంతా చెవి మీద బతికినవాణ్ణి, బటన్ నొక్కకుండా ఖాళీగా కూర్చున్న ఆ క్షణాలు నాకు చాలా భయమేశాయి. కాగితం మీద గీత అంతా బాగానే వచ్చి 4000 హెర్ట్జ్ దగ్గర ఒక్కసారి గుంటలా దిగింది. పెద్ద శబ్దాల వల్ల వచ్చే నష్టం సాధారణంగా ముందు అక్కడే కనపడుతుందని ఆయన చెప్పారు. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు తట్టుకోవచ్చట, పైన మూడేసి పెరిగిన కొద్దీ ఆ టైము సగం సగం అవుతుందట, 100 దగ్గరికి వచ్చేసరికి పావు గంటే. నా ఫోనులో కొలిచినప్పుడు స్టేజీ మీద 102 చూపించింది, ఫోను లెక్క పూర్తిగా నమ్మలేం గానీ పావు గంటకీ నాలుగు గంటలకీ తేడా తెలుస్తూనే ఉంది. పోయింది తిరిగి రాదన్నారు. ఉన్నది కాపాడుకోమన్నారు.

వినపడదని మానిటరు అడుగుతాం, మానిటరు లేక బాక్సు దగ్గరికి జరుగుతాం, బాక్సు దగ్గరికి జరిగితే చెవి పోతుంది, చెవి పోతే ఇంకా వినపడదు. ఇన్నేళ్ళూ నేను చేసింది ఇదే.

తాళాలు వాయించే మా బృందంలోని పెద్దాయన ఒకరు రెండేళ్ళ క్రితం మానేశారు. టీవీ ఎంత పెద్దగా పెట్టినా చాలడం లేదని వాళ్ళమ్మాయి చెప్పింది. అప్పట్లో వయసు అనుకున్నాం.

ఈ చవితికి తొమ్మిది రోజులూ ఒప్పుకోలేదు, నాలుగే. ఫోన్ చేసిన ప్రతి కమిటీకీ ముందే చెప్పాం: నాకూ తబలాకీ చెరొక మానిటరు, నేలలోకి దిగిన ఎర్త్, స్టేజీ మీద కప్పు, అక్క కోసం దగ్గర్లో ఒక ఇంటివాళ్ళతో మాట్లాడి పెట్టడం, మిగతా డబ్బు స్టేజీ ఎక్కకముందు. డబ్బు మాట మాస్టారు తన నోటితో అడగలేనన్నారు, దేవుడి పనికి ముందు డబ్బు అడగడం ఆయనకి అలవాటు లేదు. అది నేనే అడుగుతున్నాను. ఇద్దరు మళ్ళీ చేస్తామని పెట్టేశారు, మళ్ళీ చెయ్యలేదు. కొల్లూరు వైపు ఒక ఊరి కుర్రాళ్ళు మాత్రం అన్నిటికీ ఒప్పుకుని, "మా ఇల్లు పందిరి పక్కనే అన్నా, మా అమ్మ ఉంటుంది, అక్కని నేరుగా మా ఇంటికే రమ్మను" అన్నారు.

మా వీధి కుర్రాణ్ణి ఆ ఊరికి తీసుకెళ్తున్నాను. కీబోర్డు ఇంట్లోనే వదిలెయ్యమన్నాను, ముందు ఒక రాత్రంతా బాబాయి పక్కన కూర్చుని ఆయన చేతులు చూడమన్నాను. చెవిలో పెట్టుకునే ప్లగ్గులు రెండు జతలు కొన్నాను.